దాలమ్మ చావుకు తెచ్చిన బియ్యం

వృద్ధజన సేవా సమాజం పెద్దల్లారా! దాలమ్మను చంపింది మీరే. ఆవిడ ఇప్పటికీ కొండకెళ్ళి ఆకులు కోసుకొస్తోంది కదా, ఇరుగుపొరుగుతో తగువులాడుతోంది కదా అని తప్పించుకోకండి. ఆవిడ బతికి ఉండడం ఆవిడ గట్టితనం. అందులో మీ గొప్ప ఏమీ లేదు. మీ చేతనైనంత మీరు చేశారు. ఎలా చేశారో శృంగవరపుకోటలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు, చెప్పినవాళ్ళంతా నవ్వుతున్నారు. నవ్వండి, కానీ జరిగింది తెలుసుకుని నవ్వండి.

అది అరవై ఏడో సంవత్సరం, మార్గశిరం. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. చౌకడిపోలో బియ్యం బదులు ఎర్రజొన్నలు పోస్తున్నారు. రాత్రంతా నానబెట్టి పొద్దంతా ఉడకబెట్టినా ఆ జొన్నలు పళ్ళున్నవాళ్ళకే లొంగుతాయి. సంతబయలు వెనక వీధిలో ఉండే దాలమ్మకు డెబ్బై ఏళ్ళు, మూడు పళ్ళు. ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుగా లేవు. మొగుడు పోయాడు. కూతురు తవిటమ్మ గరివిడిలో కాపురం. కొండకింద అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్ళు కుట్టి అమ్ముకుని బతుకుతోంది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆవిడ కుట్టిన విస్తళ్ళలోనే జరుగుతాయి. ఆవిడ అన్నం తిని మాత్రం ఇరవై రోజులైంది.

సేవా సమాజం వాళ్ళు పన్నెండుమంది ముసలివాళ్ళకు నెలకొక బుట్ట బియ్యం, పప్పు ఇస్తారని తెలిసి దాలమ్మ అయిదుసార్లు వాళ్ళ అరుగెక్కింది. అయిదుసార్లూ వేలిముద్ర వేయించుకున్నారు. చివరికి పట్టీలో మొదటి పేరు ఆవిడదే రాశారు. ఆవిడ మీద జాలితో కాదు, ఆరోసారి రాకుండా ఉంటుందని.

సమాజానికి అధ్యక్షుడు జానకిరామయ్య. గుడి సేవలో తరాలుగా ఉన్న కుటుంబం, తెలుగు పండితుడిగా పనిచేసి దిగిపోయిన మనిషి. కార్యదర్శి నరసింగరావుకు బియ్యం మిల్లుంది. వేసవిలో వీళ్ళిద్దరూ ముసలివాళ్ళను మిల్లు కళ్ళంలో ఎండలో నిలబెట్టి రెండు గంటలు ఉపన్యాసాలిచ్చి తలా సోలెడు బియ్యం పోశారు. ఇద్దరు ముసలివాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారు, ఊరు ఛీ అంది. అందుకని ఈసారి బుట్టలు ఇళ్ళకే పంపుదామనుకున్నారు. రోజుకొక ఇల్లు. పంపడానికి త్యాగరాజు దొరికాడు. త్యాగరాజు పిల్లలకు ఫిడేలు నేర్పే పంతులు. ముప్పై ఏళ్ళవాడు. ఎవరే పని చెప్పినా కాదనడం రాదు.

తెల్లారకముందే జానకిరామయ్య అతన్ని నూతి దగ్గరికి పిలిచాడు.

"చూడు నాయనా, ఇచ్చేది పిడికెడైనా ఇచ్చే పద్ధతుండాలి. మన ఇళ్ళలో స్వయంపాకం ఎలా ఇస్తాం? తలారా స్నానం చేసి, తడిబట్టతో, కొత్త బుట్టలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ పెట్టి ఇస్తాం. ఇదీ అలాగే ఇవ్వాలి. వాళ్ళు పేదవాళ్ళని పద్ధతి తగ్గించకూడదు. పైన తెల్లగుడ్డ కప్పు, ఎవరి దృష్టీ పడకుండా."

"తడిబట్టంటే చలండీ," అన్నాడు త్యాగరాజు.

"చలికి పుణ్యం పోదు. ఇంకో మాట. ఇది గుప్తదానం. దారిలో నోరు విప్పకూడదు. గడపలో దించి వెనక్కి చూడకుండా వచ్చెయ్యి."

"ఎవరైనా అడిగితేనండీ?"

"పైకి చూపించు. ఇచ్చేవాడు వాడు. మనమెవరం?"

"ఆ ముసలావిడకైనా ముందు చెప్పారా, ఇవాళ తెస్తామని?"

"గుప్తదానం అన్నానా! చెబితే గుప్తం ఎలా అవుతుంది?"

ఈ మాట బాగానే ఉంది. అయితే దాలమ్మకు ఎవరూ చెప్పలేదు కనక, ఆవిడ ఎప్పటిలాగే కోడికూతకు లేచి, తలుపు తాడుతో కట్టేసి, అడ్డాకుల కోసం కొండకు వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జానకిరామయ్య వీధిలో స్వయంపాకం గౌరవం. అక్కడికి రెండు ఫర్లాంగుల దూరంలో, సంతబయలు వెనక వీధిలో, తడిబట్టలతో ఒక మనిషి వచ్చి, తెల్లగుడ్డ కప్పిన పచ్చిబియ్యం బుట్ట గడపలో దించి, పలకరించకుండా, వెనక్కి చూడకుండా పోయాడంటే దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో మనిషి పోయాడు. చావింట పొయ్యి వెలిగించరు కనక చుట్టాలూ పక్కాలూ అలాగే బియ్యం తెచ్చి దింపుతారు. ఊళ్ళో అయిదేళ్ళ పిల్లను అడిగినా చెబుతుంది. సమాజం పెద్దలకు మాత్రం తెలియదు. ఆ వీధికి వాళ్ళు కూలీలను పిలవడానికే వెళ్ళారు, అదీ వీధి మొగదాకా.

త్యాగరాజు నెత్తిన బుట్టతో, ఒంటిమీద తడి పంచెతో, పళ్ళు టకటకలాడించుకుంటూ వీధిలోకి వచ్చాడు. కొండగాలికి కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. దాలమ్మ పక్కింటి దేముడమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. ఈవిడకూ అరవై దాటాయి.

"ఏటి బాబూ, ఈ యేల బుట్టెత్తుకొచ్చినావు? ఎవురింటికి?"

త్యాగరాజు గడ్డంతో దాలమ్మ ఇంటివైపు చూపించాడు. బుట్ట గడపలో దించాడు. దేముడమ్మ చూపు తెల్లగుడ్డ మీద పడింది, తడిపంచె మీద పడింది, కారుతున్న కళ్ళమీద పడింది.

"బాబూ! మా దాలప్పకేటయినాది బాబూ?"

పాపం, త్యాగరాజు జానకిరామయ్య చెప్పినట్టే చేశాడు. చెయ్యెత్తి ఆకాశం చూపించాడు. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

దేముడమ్మ చేతిలో కుండ నేలమీద పడి పగిలింది.

"ఓలమ్మో! దాలప్పా! ఎల్లిపోనావేటే! నిన్న సందేళ నాతోటి తగువాడి, ఇయ్యాల ఎల్లిపోనావేటే! ఆ మిగిలిన సగం తగువు ఎవురితో ఆడమంటావే అప్పా!"

వీధంతా లేచి వచ్చింది. తలుపు చూస్తే బయట కట్టి ఉంది. లోపల శవం లేదు. మనిషి పోతే శవం ఉండాలి కదా అని ఎవరైనా అనుంటే కథ అక్కడే ఆగేది. ఆ మాట అనేలోపు చివరింటి జగన్నాధం అందుకున్నాడు. ఊళ్ళో ఏం జరిగినా తను చూడకుండా జరిగిందంటే ఓర్చుకోలేని మనిషి.

"శవం ఈడెందుకుంటాది? రాత్రి దగ్గొచ్చింది, ఆస్పత్రికి తీసుకెల్నారు. బండెక్కించడం నాను కళ్ళారా సూసినాను."

"బండెవుడిది మావా?"

"సీకట్లో బండి తెలుస్తాదేటి? ఎద్దులు తెల్లవి."

తెల్ల ఎద్దులు అనేసరికి అందరికీ నమ్మకం కుదిరింది. అబద్ధమాడేవాడు ఎద్దుల రంగు దాకా పోడు కదా!

తర్వాత తగువు శవం గురించి. "పంతులుగోరు తడిబట్టల్తో వొచ్చినారంటే దహనం కూడా అయిపోనాది," అంది ఎదురింటి లక్ష్మణమ్మ. "మనోల్లు ఒక్కలూ లేకుండా దహనమేటి? పంతుల్లు మన దాలప్పని మోస్తారేటి? శవం దార్లో ఉన్నాది," అన్నాడు జగన్నాధం. శవం దారిలో ఉందంటే, అది వచ్చి వీధి దాటిపోయే దాకా ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. వెలిగిన పొయ్యిల్లో నీళ్ళు పోశారు. నలభై ఇళ్ళలో సగం ఉడికిన చోడంబలి సగంలోనే ఆగిపోయింది. అందరూ వీధి మొగవైపు చూస్తూ కూర్చున్నారు. కొండలో ఆకులు కోసుకుంటున్న శవం రావడానికి చాలా టైముంది.

గరివిడి కబురు మొదటి బస్సు కండక్టరు నోట వెళ్ళింది. తవిటమ్మ నెత్తి కొట్టుకుంటూ బయల్దేరింది. మొగుడు సోములు కార్ఖానాలో రాయి మోసే కూలీ. చావింటికి వట్టిచేతులతో పోకూడదు కనక ఇరుగుపొరుగుల దగ్గర చేబదులు బియ్యం తీసి మూటకట్టాడు. దారిలో ప్రతి ఊరి దగ్గరా ఒక మేనత్త, ఒక పినమావ, ఒక తోడికోడలి అన్న బస్సెక్కారు. ఎక్కిన ప్రతి మనిషితో ఒక మూట ఎక్కింది. విజయనగరం దాటేసరికి కండక్టరు ఒళ్ళో రెండు గుమ్మడికాయలున్నాయి.

"ఓలప్పా, ఇది బస్సా, సంతా?" అన్నాడు కండక్టరు.

"మాయమ్మ సచ్చిపోనాదిరా నాయనా!" అంది తవిటమ్మ.

కండక్టరు గుమ్మడికాయలు జాగ్రత్తగా పట్టుకున్నాడు.

ఇక్కడ పది గంటలకు నరసింగరావు మిల్లులో కూలీ చెప్పగా విని జానకిరామయ్య ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"పంతులుగోరూ! మన మొదటి బుట్ట సచ్చినావిడికి పోయిందండీ!"

"శివశివా! ఎవరు పోయారు?"

"ఆ దాలమ్మే! రాత్రే పోయిందంట. ఈదంతా గోల."

జానకిరామయ్య రెండడుగులు వెనక్కి వేసి, అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్న త్యాగరాజును చూశాడు. "మైలింటికి వెళ్ళొచ్చి కాఫీ తాగుతున్నావా! లే! స్నానం!"

త్యాగరాజు ఆరోజు రెండో స్నానం చేశాడు. తల తుడుచుకుంటూ అన్నాడు, "అయ్యా, నేను వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ఏడుపేమీ లేదండీ. తలుపు బయటినుంచి కట్టి ఉంది. ఆవిడ ఎక్కడికో..."

"నిన్ను మౌనంగా ఉండమన్నానా లేదా?"

"అది పొద్దున్నండి."

"ఇప్పుడూ అదే. ఫలం పోతుంది."

ఊరంతటిలో నిజం తెలిసిన ఒక్క మనిషి నోరు అలా మూసేశారు. అసలు తెలిసినవాడి నోరు మూసి, తెలియనివాడికి మాట ఇవ్వడం మన సంఘాలన్నిటికీ అలవాటే.

"ఆ బుట్ట తెచ్చేద్దావా? రెండు కుంచాల బియ్యం, మంచి గుమ్మడికాయ," అన్నాడు నరసింగరావు.

"చావింటికి వెళ్ళింది వెనక్కి తీసుకోకూడదు. పట్టీ తియ్యండి, పేరు కొట్టేసి తరవాతి పేరు ఎక్కించండి."

ఎర్ర సిరాతో దాలమ్మ పేరు కొట్టేశారు. ఒక మనిషి చనిపోయిందో లేదో చూడడానికి రెండు ఫర్లాంగులు నడవనివాళ్ళు, పేరు కొట్టెయ్యడానికి సిరాబుడ్డి కోసం మూడు గదులు వెదికారు.

నరసింగరావుకు ఇంకో ఆలోచన వచ్చింది. వేసవిలో పోయిన పరువు రాబట్టుకోవాలి. వీధిలో జనముంటారు, చుట్టాలుంటారు. పూలదండ కొనుక్కుని వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడితే బాగుంటుంది. తిరిగొచ్చి స్నానం చేస్తే చాలని జానకిరామయ్య సరేనన్నాడు. త్యాగరాజును దండ మొయ్యడానికి తీసుకెళ్ళారు.

మూడు దాటి వీళ్ళు వీధికి చేరేసరికి గరివిడి మంద కూడా దిగింది. దాలమ్మ అరుగుమీద బియ్యం మూటలు, కందిపప్పు, అరటికాయలు, బెండకాయలు, గుమ్మడికాయలు గుట్టగా పడ్డాయి. ఏడవడానికి శవం లేదు. అందుకని తవిటమ్మా, ఆడవాళ్ళూ త్యాగరాజు దించిన బుట్ట చుట్టూ కూర్చుని ఏడ్చారు. పొద్దుటినుంచి కడుపులో ఏమీ లేకపోవడంతో ఏడుపు మంచి పదునుమీద ఉంది.

సరిగ్గా అప్పుడే దాలమ్మ నెత్తిన ఆకుల మోపుతో కొండదారి దిగి వీధి వెనకనుంచి వచ్చింది. తన వాకిట్లో జనం, ఏడుపులు. దేముడమ్మ ఇంట్లో ఎవరో పోయారనీ, అక్కడ చోటు చాలక ఇక్కడ కూర్చున్నారనీ అనుకుంది. ఆ వీధిలో ఒక మర్యాద ఉంది. చావు దగ్గరికి వెళ్తే ముందు ఏడవాలి, తర్వాత అడగాలి. ఎవరు పోయారని ముందే అడిగితే, మనిషిని బట్టి ఏడుస్తావా అని తప్పు పడతారు. దాలమ్మ మర్యాద తెలిసిన మనిషి. మోపు దించి, కొంగు మొహం మీదికి లాక్కుని, చివరి వరసలో లక్ష్మణమ్మ పక్కన చతికిలబడి, అందరికంటే పెద్ద గొంతుతో అందుకుంది.

"ఓలమ్మో! ఎంత పని సేసినావే తల్లీ! మమ్మల్ని ఈ ఎర్రజొన్నల పాల్జేసి నువ్వెల్లిపోనావేటే!"

ఆ ఏడుపు విని తవిటమ్మ మరింత ఏడ్చింది. జానకిరామయ్య గొంతు సవరించుకుని లేచాడు.

"సోదరీమణులారా! దివంగతురాలైన ఆ తల్లి సామాన్యురాలు కాదు. అభిమానధనురాలు. జీవితంలో ఏనాడూ ఎవరి ఎదుటా చెయ్యి చాచలేదు."

దాలమ్మ ముక్కు చీదింది. పక్కనున్న లక్ష్మణమ్మను మోచేత్తో పొడిచింది. "ఎవురే ఈ మాలచ్చిమి?"

"ఉస్సు. ఇననియ్యి," అంది లక్ష్మణమ్మ కొంగులోంచి.

"ఆమె మితభాషిణి. ఒకరిని నొప్పించే మాట ఆమె నోట రాలేదు."

ఏడుపు ఒక్కసారిగా ఆగింది. వీధంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పోయినవాళ్ళ గురించి అలాగే చెబుతారులే అని సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇంత మంచి మనిసి మన ఈదిలో ఎప్పుడుండేదే? నాకెరికే లేదు," అంది దాలమ్మ.

నరసింగరావు లేచాడు. జనం నిండుగా ఉన్నారు. ఎదురుగా కన్నీళ్ళు. గుండె పొంగింది.

"అయ్యలారా! ఈ యమ్మ ఇంకో పదేళ్ళు బతికుంటే పదేళ్ళూ నెలనెలా నా మిల్లు నుండి బుట్ట పంపేవాణ్ణి. ఒకటి కాదు, నెలకి రెండు బుట్టలు! నా మిల్లు మీద ఒట్టు! మాకు ఆ అదురుష్టం లేదు!"

దాలమ్మకు ఏడుపు పోయి ఒళ్ళు మండింది. అయిదుసార్లు అరుగెక్కి వేలు నల్లబడేలా ముద్రలు వేసిన తనకు గింజ రాలలేదు. ఎవరో పోయినావిడకు నెలకు రెండు బుట్టలా! కొంగు తీసేసి లేచి నిలబడింది.

"బాబూ నర్సింగరావుబాబూ! సచ్చినోల్లు రెండు బుట్టలు ఏటి సేసుకుంటారు బాబూ? నా పేరు రాసుకున్నారు కదేటి, దాలమ్మని! నాకొక్కటి పంపండి సాలు!"



పక్కనున్న లక్ష్మణమ్మ కూర్చున్న చోటినుంచి లేవకుండానే ఆరడుగులు వెనక్కి వెళ్ళింది. ఎలా వెళ్ళిందో ఆవిడకే ఇప్పటికీ తెలియదు. తెల్ల ఎద్దులను కళ్ళారా చూసిన జగన్నాధం అందరికంటే ముందు సంతబయలు దాటాడు. జానకిరామయ్య అష్టాక్షరి మొదలుపెట్టి మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు. సోములు ఒక్కడే ధైర్యం చేసి దగ్గరికి వచ్చాడు.

"అత్తా... ఆస్పత్రి నుండి ఎప్పుడొచ్చినావు?"

"ఆస్పత్రేట్రా? ఆకులకెల్నాను. నువ్వెప్పుడొచ్చినావు? అమ్మిని ఎందుకేడిపించినావు?"

"నువ్వు సచ్చిపోనావని కబురొచ్చిందత్తా."

దాలమ్మ చుట్టూ చూసింది. అరుగుమీద గుట్ట చూసింది. కూతురు వచ్చి కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. ఇది ఇందాకటి ఏడుపు కాదు.

"నన్నెవురు సంపినారే?" అని అరిచింది దాలమ్మ.

వీధంతా దేముడమ్మను చూపించింది. దేముడమ్మ త్యాగరాజును చూపించింది. త్యాగరాజు చేతిలో దండతో జానకిరామయ్య వైపు తిరిగి, మాట్లాడమంటారా అన్నట్టు చూశాడు. ఆయన తల పంకించాడు.

"నేనేమీ చెయ్యలేదమ్మా. నీకు బియ్యం తెచ్చానంతే," అని త్యాగరాజు గట్టిగా తుమ్మాడు.

"బియ్యం తెచ్చినోడివి నోటితో సెప్పడానికేటి బాబూ? బతికుండగా ఎవులైనా బియ్యం తెచ్చిస్తారని మాకేటి తెలుస్తాది?"

 

అప్పటికి పొద్దు వాలుతోంది. పొద్దుటినుంచి నలభై ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. పిల్లలు నేలమీద దొర్లి ఏడుస్తున్నారు. చావింటికి తెచ్చిన బియ్యం ఎవరూ తిరిగి పట్టుకుపోకూడదు. పోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. దాలమ్మే తేల్చింది.

"ఏటలా సూస్తారు? ఎసరెట్టండి. నా దినం నానే ఎట్టుకుంటాను. నా తరవాత ఎవురెడతారో ఎట్టరో!"

మూడు రాళ్ళపొయ్యిలు పెట్టారు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, గుమ్మడికాయ పులుసు కాగింది. ఆడవాళ్ళు దాలమ్మ మోపు విప్పి అక్కడికక్కడే విస్తళ్ళు కుట్టారు. వీధి పొడుగునా బంతులు వేశారు. దాలమ్మ కొంగు నడుముకు చుట్టి వడ్డించింది. "తినండి, తినండి. బతికున్నప్పుడు మా దాలప్ప ఒక్కలికీ ముద్దెట్టలేదని రేపు అనుకోకండి," అంటూ. నరసింగరావు "ఏదో ఎంగిలిపడదామని" చివర కూర్చుని పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. అందరూ తిన్నాక దాలమ్మ కూర్చుంది. ఇరవై రోజుల తర్వాత అన్నం. మెల్లగా, ఎవరితోనూ మాట్లాడకుండా తింది. మితభాషిణి అన్న మాట ఆ కాసేపు నిజమైంది.

లేచేసరికి గుట్ట లేదు. నలభై ఇళ్ళ ఆకలికి ఎన్ని మూటలు ఆగుతాయి? ఒక గుమ్మడికాయ మిగిలితే తవిటమ్మ కండక్టరుకని పట్టుకుపోయింది.

మర్నాడు దాలమ్మ ఆరోసారి సమాజం అరుగెక్కింది.

"రెండు బుట్టలన్నారు కదా బాబూ. ఒకటి నిన్న ఊరు తినీసింది. ఇంకోటియ్యండి."

నరసింగరావు పట్టీ తీసి చూపించాడు. "నీ పేరు కొట్టేసినాం కదమ్మా."

"కొట్టీసింది మల్లీ రాయండి."

"అలా కుదరదు తల్లీ," అన్నాడు జానకిరామయ్య, మంచి మనసుతోనే. "పోయినవాళ్ళ పేరు కొట్టెయ్యడానికి నాకు అధికారముంది. మళ్ళీ ఎక్కించాలంటే మహాసభ తీర్మానించాలి. అది ఉగాదికి. ఈలోగా నువ్వు బతికున్నట్టు ఊరి అధికారి చేత కాగితం తెచ్చుకో."

దాలమ్మ ఊరి అధికారి దగ్గరికి వెళ్ళింది. "నువ్వు చచ్చినట్టు నా దగ్గర రాసి లేదు. చావనిదానికి బతికున్నట్టు కాగితం ఎలా ఇస్తాను? ముందు చచ్చినట్టు కాగితం పట్రా, అది తప్పని రాసిస్తాను," అన్నాడాయన. దాలమ్మ ఇంటికి వచ్చి ఆకులు కుట్టుకుంటూ కూర్చుంది.

మూడోరోజు తెల్లవారుజామున తడిపంచెతో, తెల్లగుడ్డ బుట్టతో త్యాగరాజు మళ్ళీ ఆ వీధిలోకి వచ్చాడు. కళ్ళాపి చల్లుతున్న దేముడమ్మ చూసింది. బుట్ట తన గడపవైపే వస్తోంది. చెంబు పారేసి వీధి మధ్యకు ఉరికింది.

"ఓలమ్మో! నాను బతికే ఉన్నాను బాబూ! ఒలే లచ్చనమ్మా, సూడవే, నాను బతికే ఉన్నాను! పొయ్యిల్లో నీల్లొయ్యకండి!"

ఈసారి త్యాగరాజు బుట్ట దించి, పుణ్యం పోతే పోయిందని నోరు తెరిచాడు. "నీకు రావలసిన బియ్యమే అమ్మా. దాలమ్మ ఖాళీలో నీ పేరు ఎక్కింది. పదమూడో పేరు నీదేనట."

అరుగుమీద విస్తరి కుడుతున్న దాలమ్మ తలెత్తింది.

"అందుకేనేటే దేముడూ, ఈదంతా ఇనేలాగ అంత గట్టిగా నన్నేడ్సినావు?"

"నీ కాల్లు మొక్కుతాను అప్పా! నాకేటెరిక? ఎవురో అడగమంటే నానూ ఎప్పుడో ఓసారి ఏలు ముద్రేసినాను."

"నోర్ముయ్యి. బుట్ట లోపలెట్టు. కాకులు సూస్తన్నాయి."

దేముడమ్మ బుట్ట లోపల పెట్టలేదు. చేట తెచ్చి, అరుగుమీద బియ్యం రెండు కుప్పలు చేసింది. కుప్పల్లో పెద్దదేది అని ఇద్దరూ గంటసేపు తగువులాడారు. పెద్దది నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని. త్యాగరాజు తడిపంచె ఒంటిమీదే ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజునుంచి సమాజానికి బుట్ట మొయ్యడం మానేశాడు. కాదనడం అతనికి అప్పుడే వచ్చింది.

ఇది జరిగి రెండు నెలలు. ఒకరికి చాలని బుట్టను ఇద్దరు తింటున్నారు. సమాజం వాళ్ళ నివేదికలో మాత్రం "స్వర్గీయ దాలమ్మ జ్ఞాపకార్థం నలభై కుటుంబాలకు అన్నసంతర్పణ" అని అచ్చైంది. బియ్యం గరివిడి కూలీలది, పొయ్యి వీధిది, విస్తరాకు స్వర్గీయురాలిది.

జానకిరామయ్యగారూ, నరసింగరావుగారూ! దాలమ్మ పేరు తిరిగి రాయండి. ఉగాది వద్దు, మహాసభ వద్దు, కాగితం వద్దు. దేముడమ్మ పేరు తియ్యకండి. పన్నెండు అన్న లెక్క చెరిపెయ్యండి. ఆ వీధిలో అరవై దాటినవాళ్ళు ఎందరో ఇల్లిల్లూ తిరిగి కళ్ళతో చూసి రాసుకోండి, అన్ని బుట్టలూ నింపండి. మిల్లు గోదాములో బస్తాలు అడ్డొచ్చి తలుపు పడడం లేదని ఊరంతా చూస్తోంది. పంపేటప్పుడు ముందురోజు చెప్పి పంపండి, పగటిపూట, పొడిబట్టలతో. రేపే పంపండి. దాలమ్మ బతికే ఉంది కనక ఆవిడకు రేపు కూడా ఆకలేస్తుంది.